పరదేశపు బేరము: జార్జియా దేశపు చిన్న ద్రాక్షరైతుల పాఠము

గత మాసపు సర్వసభ్య సమావేశము ముగిసి అందఱు లేచుచుండగా నొక సభ్యుడు మమ్మాపి యిట్లడిగినాడు: "డిమాన్‌స్ట్రేటరు గారూ, ఎగుమతి ఎగుమతి అంటారు. రెండెకరాల మిరప వేసినవాడు సముద్రానికి అవతల ఎవరికి అమ్ముతాడండీ? యార్డు దాటితే మాకు దారి తెలియదు." ఆ పూట మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. ఏదో రెండు మాటలు చెప్పి బయటపడితిమి గాని, ఇంటికి పోయిన పిమ్మట ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. కావున ఈ మాసపు పాఠమును ఆ సభ్యునకు సమాధానముగా వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవునది వైను సంగతి. వైను అనగా ద్రాక్షపండ్ల రసమును పులియనిచ్చి చేయు పానీయము. రైతుల పత్రికలో మద్యపు ప్రస్తావన యేల యని కొందఱు పెద్దలు కనుబొమలు ముడువవచ్చును. మేము త్రాగువారము కాము, త్రాగుమని యొకరికి చెప్పువారమును కాము. మిషను బడిలో చదివిన నాటనుండి ఈ విషయమున మా పట్టు మాకు కలదు. అయినను చిన్న కమతము గల రైతు తన పంటను తన పేరుతోనే దేశపు సరిహద్దు దాటించి అమ్ముకొన్న వృత్తాంతము వైను వర్తకమున కనబడినంత తేటగా మఱియొక పంటలో మాకు కనబడలేదు. చదువరులు సరకును ప్రక్కకు బెట్టి బేరమును మాత్రము చూడవలసినదని మనవి.

జార్జియా యను దేశము నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ పర్వతముల దక్షిణపు వాలున నున్నది. వైశాల్యమున మన తెలంగాణములో మూడింట రెండు వంతులకు మించదు. జనులు నలువది లక్షలకు లోపే. ఆ దేశపు తూర్పుభాగమున కఖేతి యను సీమ గలదు. అలజాని నది లోయలో, తెలావి, సిఘ్నాఘి మొదలగు పట్టణముల చుట్టును, ద్రాక్షతోటలే తోటలు. దేశములోని ద్రాక్షలో నధికభాగమచ్చటనే పండును. ఐదువందలకు పైబడిన దేశవాళీ ద్రాక్షరకములు అచ్చట నున్నట్లు లెక్కించిరి. వానిలో ర్కాత్సితెలి యను తెల్లరకమును, సపెరావి యను ఎఱ్ఱరకమును ముఖ్యములు. సపెరావి యనగా వారి భాషలో రంగు అని యర్థము. ఆ పండునకు తొక్కయే కాక లోపలి కండ కూడ ఎఱ్ఱగా నుండును. రాజధాని యగు త్బిలిసికి దక్షిణమున త్రవ్విన పాతదిబ్బలలో దొరికిన కుండపెంకుల లోపల వైను ఆనవాళ్లున్నవనియు, అవి క్రీస్తుకు పూర్వము 6000 సంవత్సరముల ప్రాంతమువనియు 2017 లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అనగా సుమారు ఎనిమిదివేల ఏండ్లుగా ఆ నేలమీద నీ వృత్తి సాగుచున్నది.

ఇంత పురాతనమైన విద్య గలవారికి అమ్మకమున కష్టమేమి యని తోచవచ్చును. కష్టమంతయు అమ్మకమునందే వచ్చినది.

1921 లో నా దేశము సోవియట్ ప్రభుత్వము క్రిందికి పోయెను. తోటలు సామూహిక క్షేత్రములైనవి. పండ్లు ప్రభుత్వపు కర్మాగారములకు పోయెడివి. వైను రైలుపెట్టెలలో నెక్కి రష్యా నగరములకు పోయెడిది. ఎంత పంపిన నంత చెల్లెడిది గనుక నాణెముకంటె పరిమాణమునకే విలువ హెచ్చెను. కొంచెము తీపిగా నుండు ఎఱ్ఱవైనులనిన రష్యావారికి మక్కువ. కావున ఆ రకములే చేసిరి. 1985 లో మద్యపాన నిరోధమను పేరిట పెక్కు తోటలను పెఱికివేసిరి. 1991 లో దేశము స్వతంత్రమైన పిమ్మట భూములను పంచినప్పుడు గ్రామమున నొక్కొక్క కుటుంబమునకు గరిష్ఠముగా 1.25 హెక్టారులు, అనగా మన లెక్కకు మూడెకరములు, దక్కెను. ఇట్లు సామూహిక క్షేత్రములోని కూలివాడు మరల చిన్నరైతయ్యెను. అయితే కొనువాడు మాత్రము మాఱలేదు. 2005 నాటికి కూడ జార్జియానుండి పోవు వైనులో పదింట ఎనిమిది పాళ్లకు తక్కువ కాకుండ రష్యాకే పోవుచుండెను.

2006 మార్చి 27 వ తేదీని రష్యా ప్రభుత్వము జార్జియా వైనును, దానితోపాటు మోల్డోవా యను మఱియొక చిన్నదేశపు వైనును, తమ దేశమునకు రానీయరాదని ఆజ్ఞ చేసెను. వైనులో పురుగుమందుల శేషము హానికరముగా నున్నదని వారు చెప్పిన కారణము. ఇది రెండు ప్రభుత్వముల నడుమ పుట్టిన రాజకీయ వైరమునకు ఫలమే యని జార్జియావారి మాట. రైతు దృష్టిలో ఈ రెండింటికిని భేద మంతగా లేదు. ఒక కార్యాలయమున వ్రాసిన యొక కాగితముచే ఒక దేశపు పంటకు పదింట ఎనిమిది పాళ్ల గిరాకి ఒక్క దినమున పోయినది. మన కోస్తా రొయ్యలరైతులకు 2025 లో అమెరికా సుంకములు పెరిగినప్పుడు చెఱువుగట్టుమీద నిలబడి ధర దిగుట చూచినవారికి ఈ మాటను వివరింప నక్కఱలేదు.

ద్రాక్ష చెట్టున నిలువ యుండు పంట కాదు. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కోత. దానిని వారు ర్త్వేలి యందురు, అది వారికి సంక్రాంతి వంటి పండుగ. కోసిన పండు రెండు మూడు దినములలో పిండితీరవలెను. వేలకొలది కుటుంబములు తమ పండ్లను గంపలతో ఫాక్టరీ వాకిటికి తెచ్చిన ఆ శరత్తున ఫాక్టరీవారే నిలువలు చెల్లక చేతులు చాచుకొని కూర్చుండిరి. ప్రభుత్వము ధనమిచ్చి పండ్లు కొనిపించెను; అట్టి సహాయము తరువాత నేండ్లలో గూడ సాగెను. అది పూటకు మందు. ఫాక్టరీకి పండు అమ్మువానికి ధర చెప్పు నధికారము లేదు, పండు పోసిన తరువాత దానిమీద నతని పేరు లేదు. ఆ సంవత్సరము కొందఱు చిన్నవారికి బోధపడినది ఈ మాట.

ఇక వారి యింటిలోనే యున్న యొక వస్తువును గూర్చి చెప్పవలెను. ప్రతి పల్లెయింట మరాని యను గది యొకటి యుండును. ఆ గది నేలలో మెడవఱకు పాతిపెట్టిన పెద్ద మట్టికాగులుండును. వాని పేరు క్వెవ్రీ. మన పెద్దలు ధాన్యమునకు పాతరలు త్రవ్వినట్లు, వారు వైనునకు కాగులు పాతుదురు. అడుగు కోడిగ్రుడ్డు మొనవలె సన్నగిలియుండును. లోపల తేనెమైనము పూయుదురు. ద్రాక్షను త్రొక్కి, రసమును తొక్కలతో, గింజలతో, ఒక్కొక్కచో కాడలతో సహా అందులో పోయుదురు. పులియుట యుడిగిన పిమ్మట మూతపెట్టి మట్టితో మెత్తి, ఐదాఱు మాసములు కదలింపరు. భూమి చల్లదనమే దానికి శీతలగృహము. తెల్లద్రాక్షతో నిట్లు చేసిన వైను తొక్కల సారము దిగుటచే తేనెరంగు తిరిగి, కొంచెము వగరుగా నుండును.

సోవియట్ కాలపు కర్మాగారములు ఈ పద్ధతిని నాటుపద్ధతి యని ప్రక్కకు నెట్టినవి. ఇంటివాడు తనకును చుట్టములకును మాత్రమే దీనిని చేసికొనుచు, అమ్మకపు పండ్లను ఫాక్టరీకి పంపెడివాడు. పెరటిచెట్టు వైద్యమునకు రాదని మనవారందురు గదా. ఆ చెట్టు మందని చెప్పుటకు పొరుగూరివాడు రావలసివచ్చెను. ఇటలీ దేశపు ఈశాన్యమూలను, ఒస్లావియా యను గ్రామమున, యోష్కో గ్రావ్నెర్ అను ప్రసిద్ధుడైన వైనుకారుడు గలడు. ఆయన 2000 సంవత్సరమున జార్జియాకు పోయి, ఈ కాగులను చూచి, 2001 నుండి తన పంటను మట్టికాగులలో వేయసాగెను. ఇటలీలో గొప్ప వెలకు అమ్ముకొను వాడే ఇనుపతొట్లను విడిచి మట్టికాగును పట్టుకొనెనని తెలిసినంతట ఐరోపాలోని వర్తకులును, రుచులెఱిగినవారును ఆ కాగుల పుట్టినిల్లెచ్చట యని తిరిగి చూచిరి.

ఆ చూపు రష్యా తలుపు మూతపడిన కాలముతో కలిసివచ్చినది. 2007 లో సిఘ్నాఘిలో గెలా పతాలిష్విలి యను ద్రాక్షరైతును, ఆ యూరనే కాపురమున్న జాన్ వర్డెమన్ అను అమెరికా చిత్రకారుడును కలిసి చిన్న వైనుశాల నొకటి పెట్టిరి. రైతునకు తరతరముల చేతిపని తెలియును. చిత్రకారునకు ఇంగ్లీషు తెలియును, బయటివారితో మాటలాడు నేర్పు గలదు. ఈ పొత్తును మేము మిక్కిలి మెచ్చుకొనుచున్నాము. చార్దఖి గ్రామమున ఇయాగో బితారిష్విలి యను రైతు చినురి యను తమ ప్రాంతపు తెల్లరకమునే నమ్ముకొని, రసాయనములు లేని సేద్యమునకు ధ్రువపత్రము పొంది, కొద్దిపాటి సీసాలతోనే పరదేశములలో పేరు దెచ్చుకొనెను. 2011 లో అలవెర్ది మఠమున క్వెవ్రీ వైనును గూర్చి అంతర్జాతీయ సభ జరిగెను. ఆ మఠపు సన్యాసులు తామే వైను చేయుదురు. 2013 లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థయగు యునెస్కో ఈ పద్ధతిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. ఇదంతయు బేరమున కెట్లుపకరించెననగా, ఫాక్టరీ సీసా లక్షలాది సీసాలతో పోటీపడవలెను. వాని నడుమ దాని గుర్తు వెలయొక్కటే. కాగు సీసాకు పోటీ లేదు, ఏలయనగా అది మఱియొకచోట లేదు.

అయినను పేరు వచ్చినంత మాత్రమున సరకు నడువదు. ఇచ్చట లెక్క చూడవలెను. ఒక హెక్టారు తోటలో ఆఱు టన్నుల పండు వచ్చెననుకొందము. దాని నుండి రమారమి నాలుగువేల లీటర్లు, అనగా ముప్పాతిక లీటరు సీసాలు ఐదువేలు వచ్చును. కుటుంబమున కంతయే సరకు. దీనిని పట్టుకొని పరదేశపు పెద్ద అంగళ్ల వరుసల వాకిట నిలువబడిన లాభము లేదు. వారికి నెలకు కావలసినది మన సంవత్సరపు పంటకు మించియుండును. కావున చిన్నవారు వెదకినది చిన్న దిగుమతిదారుని. న్యూయార్కులోనో, లండనులోనో, టోక్యోలోనో, ఇటువంటి వైనులనే ఏరి తెప్పించి, ముప్పది నలువది భోజనశాలలకు, చిన్న అంగళ్లకు అందించువాడొకడుండును. అతనికి ఏడాదికి ఆఱువందల సీసాలు చాలును. ఆఱువందలనగా ఒక చెక్కబల్ల మీద పేర్చి కట్టిన పెట్టెలు. దానిని వారు ప్యాలెట్టు అందురు. ఇటువంటి కొనుగోలుదారులు నాలుగు దేశములలో నలుగురున్నచో కుటుంబపు పంటలో సగము చెల్లినట్లే. తక్కినది తమ దేశమునను, ఇంటికి వచ్చు యాత్రికులకును అమ్ముకొందురు.

ఈ దిగుమతిదారులను కలిసికొనుటకు సంతలున్నవి. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫు నగరమున ప్రోవైన్ అను మహాసంత యేటేట జరుగును. సహజపద్ధతి వైనులకు మాత్రమే ఇసబెల్ లెజెరోన్ అను నామె 2012 లో లండనున రా వైన్ అను సంతను నెలకొల్పినది. పెద్దసంతలో చిన్నవాడు తిరునాళ్లలో బిడ్డ వలె తప్పిపోవును. చిన్నసంతలో అతని బల్లయొద్దకు వచ్చువాడు వానినే వెదకుచు వచ్చినవాడై యుండును. ఖర్చు భరింపలేనివారు నలుగురు కలిసి యొక బల్ల పుచ్చుకొని, ఇంగ్లీషు వచ్చిన యొకనిని నిలబెట్టుట గలదు.

మన రైతులు వినగానే కోపించు సంగతి యొకటి యున్నది. వైనుశాల వాకిట ఆఱు యూరోలకు అమ్మిన సీసా, ఉదాహరణకు, ఓడకూలి, సుంకము, దిగుమతిదారుని వంతు, టోకువర్తకుని వంతు, అంగడివాని వంతు అన్నియు చేరి పరదేశపు అంగడిలో పదునెనిమిది, ఇరువది యూరోలు పలుకును. భోజనశాలలో దానికి రెండింతలు. "నడుమనున్నవారే తినివేయుచున్నారు" అని మనమందుము. జార్జియావారిలోను కొందఱట్లే యని, నేరుగా అమ్మజూచి చేతులు కాల్చుకొనిరి. అమెరికాలో 1933 లో మద్యనిషేధము తొలగిన నాటనుండి దిగుమతిదారుడు, పంపిణీదారుడు, అంగడి అను మూడు మెట్లను చాలచోట్ల చట్టమే విధించినది. స్వీడనులో వైనును ఇంటికి కొనిపోవ వలెనన్న చాలమట్టుకు ప్రభుత్వపు సిస్టెంబొలాగెట్ అంగడియే గతి. వారు తమకు కావలసిన రకమును ముందుగా ప్రకటించి, వచ్చిన మచ్చులను పేరు కనబడకుండ రుచిచూచి ఎంచుకొందురు. నడుమనున్న వానిని తొలగించుట మన వశమున లేదు. అంగడిలో ఎంత పలుకునో ముందు తెలిసికొని, అచ్చటినుండి మెట్టు మెట్టు వెనుకకు లెక్కవేసికొని, తన వాకిటి ధర నిలుచునో నిలువదో చూచికొనుట మాత్రము వశములో నున్నది. తన ఖర్చుల మీద లాభము వేసి ధర చెప్పి, పిమ్మట అంగడిలో సరకు కదలక వెనుకాడిన వారు పెక్కుమంది.

రవాణాలో కలసికట్టుతనము తప్పనిసరి. ఇరువది అడుగుల కంటెయినరులో ప్యాలెట్లు పదునొకండు వఱకు పట్టును, అనగా ఆఱువేల సీసాలకు పైన. ఒక కుటుంబము తన పంటనంతయు పోసినను అది నిండదు. నిండని కంటెయినరునకు కూలి నిండినదాని కూలియే. కావున ఒకే దిగుమతిదారునకు సరకు పంపు ఏడెనిమిది వైనుశాలలవారు తమ తమ ప్యాలెట్లను ఒకచోటికి చేర్చి, పోతి రేవున ఒకే పెట్టెలోనెక్కింతురు. ఎవరి సీసా వారిది, ఎవరి పేరు వారిది. కూలి మాత్రము పాళ్లు. వేసవిలో నెండకు కాగిన పెట్టెలో వైను చెడిపోవును గనుక కోత తరువాతి చల్లని మాసములలోనో, వసంతారంభముననో పంపుదురు, లేదా శీతలపు పెట్టె నడుగుదురు. మన సంఘపు గిడ్డంగిలో పదునాలుగు మంది సరకు ఒక్క లారీకెక్కించినప్పుడు ఎవరి బస్తా ఎక్కువ తడిసెనను వాదము పుట్టుట మేమెఱుగుదుము. వారిలోను పుట్టకపోదు. ముందుగా వ్రాసికొన్న కాగితమొక్కటే దానికి మందు.

కాగితములనగా గుర్తువచ్చినది. ఐరోపా సమాజపు దేశములకు పోవు వైనునకు వీఐ-1 అను ధ్రువపత్రము కావలెను. అందులో గుర్తింపు పొందిన పరీక్షాశాలవారు సారాయిపాలు, ఆమ్లము, గంధకపు శేషము మొదలగునవి కొలిచి వ్రాయుదురు. వైను చెడకుండ వేయు గంధకము లీటరునకు ఎఱ్ఱవైనులో 150 మిల్లీగ్రాములను, తెల్లవైనులో 200 మిల్లీగ్రాములను మించరాదు. తీపివైనులకు వేఱు హద్దులున్నవి. అమెరికాకైనచో సీసామీది చీటీని సైతము ముందుగా ప్రభుత్వమునకు చూపి అనుమతి పొందవలెను. ఒక్క వాక్యము తక్కువైనను సరకు రేవున నిలుచును, నిలిచిన ప్రతిదినమునకు అద్దె యెక్కును. తాత ముత్తాతలనుండి వైను చేయు రైతునకు ఇది తలనొప్పియే. 2006 నాటి ఆరోపణ యెంతవఱకు నిజమో మేము తీర్పరులము కాము. అయితే ఆ దెబ్బ తినిన పిమ్మట జార్జియాలో ఎగుమతి వైనునకంతకును పరీక్షయు, రుచిచూచు సంఘపు సమ్మతియు తప్పనిసరి చేసిరి. నీ సరకులో విషమున్నదని ఒకడన్నప్పుడు కాదని ప్రమాణము చేసిన చాలదు, తీసి చూపుటకు కాగితముండవలెను.

మఱియొకటి పేరు. కింద్‌జ్మరౌలి, ఖ్వంచ్‌కర అనునవి యూళ్ల పేర్లు, వైనుల పేర్లును. వానికి రష్యాలో నున్న పేరునుబట్టి ఎవరెవరో ఏదేదో సీసాలలో పోసి ఆ చీటీలంటించి అమ్ముచుండిరి. దొంగసీసా త్రాగి మొగము చిట్లించినవాడు తిట్టునది అసలు ఊరిని గదా. అందుచే జార్జియా ఐరోపా సమాజముతో ఒడంబడిక చేసికొనెను. 2012 నుండి ఆ పేర్లు అచ్చట చట్టపు రక్షణలో నున్నవి. 2014 లో ఐరోపాతో సుంకములు లేని వర్తకపుటొడంబడిక యమలులోనికి వచ్చెను. చైనాతో అట్టిది 2018 జనవరి మొదటి తేదీనుండి యమలైనది. మన బంగినపల్లి మామిడికి 2017 లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఇటువంటిదే. అయితే గుర్తింపు పత్రము గోడకు వ్రేలాడదీసినందున నొక్క కాయయైనను హెచ్చు ధరకు పోదు. ఆ పేరుతో తక్కువ సరకు పోకుండ కాయువారు లేనిచో అది చిత్రపటమే.

ఇక మా సొంత సంగతి యొకటి చెప్పక తీరదు. సుమారు పండ్రెండేండ్ల క్రిందట మేము పనిచేసిన యొక సంఘపు మిరపకాయలను పరదేశమునకు పంపు వర్తకుడొకడు మచ్చు పంపుమని వ్రాసినాడు. మేమెంతో ఉత్సాహముతో, కల్లములన్నియు తిరిగి, ఎఱ్ఱగా నిగనిగలాడు కాయలను చేతితో ఏరి, తొడిమలు సరిచూచి, రెండు కిలోల మచ్చు కట్టి పంపితిమి. వర్తకుడు సంతోషించి మంచి ధర వ్రాసినాడు. సరకు పోయినది. వారము తిరుగకమునుపే జాబు వచ్చినది: బస్తాలలో తాలుకాయ హెచ్చుగా నున్నది, తేమ హెచ్చుగా నున్నది, మచ్చునకును సరకునకును పొత్తు లేదు. ధర తెగ్గోసి తీసికొనిరి, మరుసటి యేడు మొగము చూడలేదు. సభ్యులు వర్తకుని తిట్టిరి. మేము కూడ తిట్టితిమి. పిమ్మట గాని తెలియలేదు, తప్పు మాదని. అన్నమునకు మెతుకు పట్టి చూచునట్లు, మచ్చనగా కుండలోని యే మెతుకైనను అదే కావలెను. మేము పంపినది ఏరిన మెతుకు. జార్జియాలోని నేర్పరులు దిగుమతిదారునకు మచ్చు సీసాను, ఎగుమతి కాబోవు కాగునుండియే, నింపిన దినమున తీసి పంపుదురు. ఆ యేడు వైను వగరెక్కినచో వగరెక్కినదనియే వ్రాయుదురు. చిన్నవానికి నమ్మకము తప్ప మూలధనము లేదు, అదియు ఒక్క పెట్టెతో పోవును.

2013 లో రష్యా మరల తలుపు తెరచెను. అంతవఱకు నడచిన ఏడేండ్లలో ఇతర దేశముల బేరము కొంత పెరిగినను పాత లోటు పూర్తిగా పూడలేదనునది నిజము. ఇది చదువరులకు దాచరాదు. క్రొత్త బేరము కుదురుటకు ఏండ్లు పట్టును. తలుపు తెరువగానే పెద్ద కర్మాగారములు పాతదారి పట్టెను, ఏలయనగా అచ్చట వారి పేరు తెలియును, రుచి తెలియును, త్రోవ దగ్గఱ. ఇటీవలి సంవత్సరములలో జార్జియా వైనులో సగమునకు మించి మరల రష్యాకే పోవుచున్నది. ఒకసారి కాలినచోటనే మరల వంట మొదలిడిరా యని మనకు తోచును. కాని లక్షలాది సీసాలు నింపి, వేలాది రైతుల పండు కొనవలసినవానికి తక్కిన దేశములన్నియు కూడినను చాలవు. మోల్డోవావారి కథ యింకను చేదు. వారికి 2006 లో మూసిన తలుపు మరుసటి యేడు తెరచి, 2013 సెప్టెంబరున మరల మూసిరి. ఈసారి మాత్రము ఐరోపావారు 2014 మొదటి దినమునుండి మోల్డోవా వైనునకు సుంకపు హద్దులెత్తివేసిరి, వారును తమ దేశపు పేరే గుర్తుగా నొక చీటీ క్రింద చిన్నవారినందఱను సంతలకు పంపిరి.

క్వెవ్రీ వైనును అమ్ముకొను చిన్నశాలల సంగతి వేఱు. వారి మొత్తము దేశపు ఎగుమతిలో చిన్నపాలే. కాని ఒక చిన్నశాల సీసాలు అమెరికాకు కొన్ని, జపానుకు కొన్ని, ఇంగ్లండు, జర్మనీ, పోలండులకు కొన్ని పోవును. వీరిలో ఏ యొక్కడు తప్పుకొన్నను ఆ యేడు పిల్లవాని చదువు ఆగదు. ఈ నిబ్బరమునకై వారిచ్చు వెల యున్నది: నాలుగు దేశముల చీటీలు, నాలుగు విధముల కాగితములు, ఐదారు మాసములకు వచ్చు సొమ్ము, రాత్రివేళ ఫోను. ఫాక్టరీ వాకిట గంప దించి సొమ్ము తీసికొని పోవువానికి ఇవి యేవియు లేవు. ప్రతి రైతును దీనిని మోయగలడని మేము చెప్పము. పండునమ్ముకొనుటయే మేలైన కుటుంబములు అచ్చటను పెక్కు గలవు, ఇచ్చటను గలవు.

మమ్ము ప్రశ్నించిన సభ్యునకు మా సమాధానమింత. రెండెకరముల మిరప పరదేశమునకు ఒంటిగా పోలేదు. అయితే మన సంఘమున నీ యేడు మిరప వేసినవారిలో ఒకే విత్తనము వేసి, మందుల లెక్క పుస్తకములో వ్రాసికొన్నవారు ఎనిమిది మంది కూడినచో, ఒక లారీకి సరిపోవు సరకు, ఒక మచ్చు, ఒక కాగితము కుదురును. అందులో మూడవ వంతు మాత్రమే క్రొత్త కొనుగోలుదారునకు చూపుదము, తక్కినది ఎప్పటివలె యార్డుకే పోనిండు. వచ్చు ఆదివారము సాయంత్రము సంఘపు కార్యాలయమునకు ఇష్టమున్నవారు ఒక్కొక్క బస్తా తెండు. ఏరి తేవలదు. పైనుండి, నడుమనుండి, అడుగునుండి గుప్పెడు గుప్పెడు అందఱి యెదుట మేమే తీసి, కలిపి, సంచి కుట్టి, మీ ముగ్గురి చేవ్రాళ్లు వేయించి పరీక్షకు పంపెదము. మందుల పుస్తకము లేనివారు ఈ యేటికి ఆగి, వచ్చు ఖరీపున నాటు వేసిన దినమునుండి వ్రాయ మొదలిడవలెను. ఆ పుస్తకములు కార్యదర్శియొద్ద నున్నవి.